ఎదుటి కుర్చీ, ఎర్ర దారం

పందొమ్మిది వందల ఎనభై ఎనిమిదో సంవత్సరం జులై పదకొండో తేదీ, సోమవారం ఉదయం పదిన్నరకు పది నిమిషాల ముందు, పరీక్షల కార్యాలయం మొదటి అంతస్తులో, కాపీ కేసులు చూసే అక్రమాల సెక్షన్‌లో ఇరవై మూడేళ్ళ యువకుడొకరు జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. హాజరు పట్టీలో ఆయన పెట్టిన మొదటి సంతకం పక్కన వేళ కూడా వేసి ఉంది. ముప్పై ఏడేళ్ళ ఇరవై రోజుల తర్వాత, ఈ నెల ముప్పై ఒకటో తేదీ సాయంత్రం, అదే సెక్షన్‌కు అధికారిగా చివరి సంతకం పెట్టి, దాని పక్కనా వేళ వేసి, ఆయన పదవీ విరమణ చేయబోతున్నారు. ఆ రెండు సంతకాల మధ్య కార్యాలయం ఆయనను ఎన్నో హోదాలతో పిలిచింది గాని, గుమస్తా నుంచి వాచ్‌మన్ దాకా అందరి నోటా నిలిచిన పేరు ఒక్కటే: సూదిదారం గారు. ఆ పేరు ఎలా వచ్చిందో కొత్తవారికి తెలియదు. పాతవారిని అడిగితే మాట మార్చేస్తారు.

ఆయన గౌరవార్థం ప్రత్యేక సంచిక వేయాలని సహోద్యోగులు తలపెట్టి, అనుమతి కోసం వెళ్ళినప్పుడు, సూదిదారం గారు ఒక షరతు పెట్టారు. "పదిహేడో బల్ల సంగతి వేస్తామంటేనే వేయండి. లేదంటే సంచికే వద్దు."

సంచిక కార్యదర్శి తల గోక్కున్నారు. "సార్, మంచి రోజున ఆ గొడవ ఎందుకండీ? మీ ఇంట్లోవాళ్ళు చదువుతారు. రేపు మీ మనవరాలు చదువుతుంది."

"అందుకే వేయమంటున్నాను. అది దాచేసి దండలాంటి మాటలు వేయించుకుని పోతే, నేను కూడా కాపీ కొట్టి పాసైనవాణ్ణే కదయ్యా."

"పోనీ, ఆ భాగం మీరే రాసివ్వండి."

"ముద్దాయి చేత తీర్పు రాయిస్తారా ఎక్కడైనా? రికార్డు గది అక్కని అడగండి. ఆవిడ కళ్ళారా చూసింది."

ఆ విధంగా ఈ వ్యాసం రాసే పని, పన్నెండేళ్ళ కిందటే అటెండరుగా విరమణ పొందిన రికార్డు గది అక్కకు వచ్చి పడింది. బడి గుమ్మం తొక్కని ఆమె, పరీక్షల్లో పట్టుబడిన చీటీలను కూడబలుక్కుంటూ చదవడమూ, తర్వాత రాయడమూ నేర్చుకుంది. ఈ కార్యాలయం వదిలి వెళ్ళిన ప్రతివారినీ గేటు దాకా సాగనంపి, తిరిగి వచ్చి వారి బల్ల సొరుగు ఖాళీ చేసినదీ ఆమే. మూత పోయిన పెన్నులు, సగం వాడిన మందుబిళ్ళలు, విరిగిన కళ్ళజోడు కాలు: మనుషులు వెళ్ళిపోయాక మిగిలేవి ఇవేనని తెలిసిన మనిషికి ఇలాంటి వ్యాసం రాయడం తేలిక కాదు. అయినా అడిగించింది సూదిదారం గారు గనుక ఒప్పుకుంది.

సూదిదారం గారు చేరిననాటి ఆ గదిని చూసినవారు ఇప్పుడు ముగ్గురే ఉన్నారు. పొడవాటి బల్ల ఒకటి, దాని చుట్టూ ఒకదానికొకటి పొంతన లేని ఆరు కుర్చీలు, గోడ వారగా మూడు ఇనుప బీరువాలు, కిర్రుమంటూ తిరిగే పంకా. అన్ని కేంద్రాల నుంచీ పట్టుబడిన చీటీలు సంచుల్లో ఆ బల్ల మీదికే చేరేవి. బస్సు టిక్కెట్ల వెనక రాసినవి, చొక్కా మడతలో దాచినవి, స్కేలు మీద గీరినవి. ఒక చేతిరుమాలు మీద రసాయనశాస్త్రం మొత్తం దిగి ఉంది. ఆనాటి సూపరింటెండెంటు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూపించి, "ఇంత రాసే ఓపికతో చదువుకుని ఉంటే హాయిగా గట్టెక్కేవాడు కదయ్యా" అన్నారు.

"ఇంత రాసేసరికి వచ్చేసే ఉంటుందండీ. భయం కొద్దీ వెంట తెచ్చుకున్నాడు" అన్నారు, అప్పటికి చేరి వారం కూడా కాని కొత్త అసిస్టెంటు.

గదిలో అందరూ నవ్వారు. తప్పు వెనక ఉన్న భయాన్ని చూడగల చూపు ఆయనకు మొదటి నుంచీ ఉంది. అలాంటి చూపు ఉన్న మనిషి కూడా ఎలా పొరబడగలడో ఈ సంచిక చదివేవారికి తెలియాలన్నదే ఆయన కోరిక.

ఆయన చేతిలో పని ముచ్చటగా ఉండేది. ఫైలు కట్టినా, కవరు అంటించినా, కాగితం మడిచినా అంచుకు అంచు కలవాలి. ఆ శుభ్రతకే రెండేళ్ళలో మూడుసార్లు మెప్పు పొందారు. ఆ శుభ్రతే పందొమ్మిది వందల తొంభై వేసవిలో ఆయన చేత ఒక తప్పు చేయించింది.

అది అర్థం కావాలంటే అప్పటి పద్ధతి తెలియాలి. పరీక్ష హాల్లో బల్లకు ఇద్దరు కూర్చునేవారు. చీటీ దొరికితే ఇన్విజిలేటరు రిపోర్టులో బల్ల నంబరు మాత్రమే రాసేవారు. చీటీని, అది దొరికినవారి జవాబు పత్రానికి గుండుసూదితో గుచ్చేవారు. జవాబులు పోల్చి చూడటానికి పక్కవారి జవాబు పత్రాన్ని కూడా జతచేసి, రెంటినీ ఒకే కట్టగా పంపేవారు. ఆ ఇద్దరిలో తప్పు ఎవరిదో చెప్పేది ఆ గుండుసూది ఒక్కటే.

ఆ వేసవిలో ఒక కేంద్రం నుంచి వచ్చిన సంచి దారిలో వానకు తడిసింది. సూదులన్నీ తుప్పు పట్టి, కాగితాల మీద మరకలు దిగాయి. ఒకటి వేలికి గుచ్చుకోవడంతో, మిగతావారికి కూడా గుచ్చుకుంటాయని, చూడటానికి కూడా బాగాలేవని, ఆయన ఆ సంచిలోని పాత సూదులన్నీ పీకి, పెట్టెలోంచి కొత్తవి తీసి గుచ్చారు. నలభై రెండు కట్టలు. మధ్యలో ఫోను మోగిందో, పంకా గాలికి కాగితం జారిందో ఆయనకు ఈనాటికీ తెలియదు. పదిహేడో బల్ల కట్టలో చీటీ ఒకరి పత్రం మీద నుంచి రెండోవారి పత్రం మీదికి మారింది. కొత్త సూది తళతళలాడుతూ ఉంది. అందరూ పని బాగుందన్నారు.

నెలన్నర తర్వాత ఆ బల్ల మీది అమ్మాయి ఒకరు రెండేళ్ళపాటు పరీక్షలు రాయకుండా డిబార్ అయ్యారు. ఆమె నుంచి ఒక విజ్ఞప్తి వచ్చింది. చీటీ తన పక్కన కూర్చున్న అమ్మాయి ఒళ్ళోంచి తీశారని, ఇన్విజిలేటరు గారిని ఒక్కసారి పిలిచి అడగమని, నాలుగే వాక్యాలు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. సమాధానం మన జూనియర్ అసిస్టెంటే రాశారు: "తన వద్ద దొరికిన చీటీని పక్కవారికి అంటగట్టజూచుట నేరమును తగ్గించదు సరికదా రెట్టింపు చేయును. విజ్ఞప్తి తోసిపుచ్చడమైనది."

సూపరింటెండెంటు ఆ వాక్యాన్ని గదిలో పైకి చదివి వినిపించారు. "రాస్తే ఇలా రాయాలయ్యా. ఇక నోరెత్తదు."

నిజంగానే ఆమె మళ్ళీ నోరెత్తలేదు.

గడువు తీరిన జవాబు పత్రాలను గుజ్జు చేయడానికి కాగితపు మిల్లుకు పంపడం ఆనవాయితీ. మిల్లువారు సూదులున్న కాగితం తీసుకోరు కనుక, పంపే ముందు రికార్డు గదిలో ఒక్కో పత్రమూ తెరిచి సూదులు పీకాలి. తొంభై రెండు జూన్‌లో, లారీ రావడానికి ఒక రోజు ముందు, రికార్డు గది అక్క నేల మీద కాళ్ళు చాపుకుని ఆ పనే చేస్తూ ఉంది. పదిహేడో బల్ల కట్ట దగ్గర ఆమె చెయ్యి ఆగింది. తప్పు పడితే తిడతారని భయం, పట్టకపోతే నిద్ర పట్టదని భయం. మూడుసార్లు మెట్లెక్కి మూడుసార్లూ దిగి వచ్చేసి, నాలుగోసారి పైకి వెళ్ళింది.

"సారూ, ఒక్కసారి కిందికొస్తారా? నాకేదో తేడాగా ఉంది. తేడా లేకపోతే తిట్టండి, పడతాను."

ఆయన వచ్చి ఆమె పక్కనే గొంతుక్కూర్చున్నారు. చీటీకి నాలుగు చిల్లులున్నాయి, రెంటి చుట్టూ తుప్పు, రెండు శుభ్రంగా. అది గుచ్చి ఉన్న జవాబు పత్రానికి ఉన్నవి శుభ్రమైన చిల్లులు రెండే. కట్టలోని రెండో పత్రానికి తుప్పు చిల్లులు రెండు ఉన్నాయి గాని, దానికి గుచ్చి ఉన్నది ఏమీ లేదు. ఆయన చీటీని ఆ రెండో పత్రం మీద పెట్టి, తుప్పుకు తుప్పు కలిపి, కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. రెండు కాగితాల్లోంచీ వెలుతురు సూటిగా వచ్చింది. చీటీ మీది చేతిరాత, ఆ పత్రంలోని చేతిరాత ఒక్కటే. ఇన్నాళ్ళూ ఎవరైనా పక్కపక్కన పెట్టి చూస్తే తెలిసేది.

ఆయన కాగితాలు కిందికి దించారు. "ఈ కొత్త సూది నాదే అక్కా" అన్నారు.

సూపరింటెండెంటు గారు చెడ్డవారు కారు. చేతికింది కుర్రవాడు పాడైపోకూడదన్నదే ఆయన తాపత్రయం. "రేపు పొద్దున లారీ వస్తుందయ్యా. ఎల్లుండికి అంతా గుజ్జు. డిబార్ గడువూ తీరిపోయింది, కావాలంటే ఆ అమ్మాయి మళ్ళీ రాసుకుంటుంది. చేజేతులా ఎందుకు నెత్తికి తెచ్చుకుంటావు? నిన్నెవరైనా అడిగారా?"

"అడిగిందండీ. రెండేళ్ళ కిందటే అడిగింది. నేనే తోసిపుచ్చాను."

మన జూనియర్ అసిస్టెంటు తన మీద తానే మూడు పేజీల నోటు రాసి, ఆ కట్టను బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ వచ్చిన ఆదివారం, పాత దరఖాస్తులోని చిరునామా పట్టుకుని, తోడుగా రికార్డు గది అక్కను తీసుకుని బయల్దేరారు. ఆ చిరునామాలోవారు ఇంకో వీధి చూపించారు. అక్కడ ఆ అమ్మాయి పెద్దమ్మగారి కుట్టు దుకాణం ఉంది.

గుమ్మం పక్కన మిషను మీద పెద్దమ్మ. వెనక ముక్కాలిపీట మీద ఆ అమ్మాయి, ఒళ్ళో ఏదో బడి దుస్తుల అంచు, చేతిలో ఎర్ర దారం.

"ఏం కుట్టాలండీ?" అంది పెద్దమ్మ.

"కుట్టడానికి కాదండీ. పరీక్షల ఆఫీసు నుంచి వచ్చాను."

మిషను ఆగింది. "మళ్ళీ ఏం చేసిందని వచ్చారు? రెండేళ్ళు చాల్లేదా? పరీక్ష ఊసే ఎత్తట్లేదు పిల్ల."

"ఆవిడ ఏమీ చేయలేదండీ. చేసింది నేను."

ఆయన నిలబడే ఉండి మొత్తం చెప్పారు. గోడ పక్కన ఖాళీ కుర్చీ ఉంది గాని కూర్చోమని ఎవరూ అనలేదు. ఆ అమ్మాయి కుట్టు ఆపకుండానే విన్నది.

"అంటే నేను చెప్పింది నిజమని మీకిప్పుడు తెలిసిందన్నమాట."

"అవునమ్మా."

"గుండుసూది ఊడినందుకు." దారం పటుక్కున కొరికింది. "మా పెద్దమ్మ చొక్కాకి గుండీ కూడా అలా గుచ్చి ఇవ్వదండీ. గుచ్చింది ఊడుతుందని మాకు తెలుసు. అంత పెద్ద ఆఫీసులో ఒక్కళ్ళకీ కుట్టడం రాదా?"

"నాలుక కాదే అది, కత్తెర" అంది పెద్దమ్మ. "పెద్దమనిషి గుమ్మంలోకొచ్చి ఒప్పుకుంటుంటే..."

"ఒప్పుకోనీ పెద్దమ్మా. నాకేం ఒరిగింది?" అప్పుడు తలెత్తి ఆయన వైపు చూసింది. "మా నాన్న నాతో మాట్లాడ్డం మానేశాడండీ. కాపీ కొట్టావా లేదా అని కూడా అడగలేదు. ఆఫీసు కాగితం అబద్ధం చెప్తుందా అన్నాడు, అంతే. కంచం పెడితే తినేవాడు. మాట మాత్రం లేదు."

"ఆయన దగ్గరికి ఇప్పుడే వెళ్దాం పదమ్మా. నేను చెప్తాను."

"వెళ్ళండి. ఎనిమిది నెలలైంది ఆయన పోయి. ఎక్కడికెళ్తారో వెళ్ళండి."

పెద్దమ్మ తల పక్కకు తిప్పుకుంది. గుమ్మంలో నిలబడిన రికార్డు గది అక్క అక్కడ విడిచి ఉన్న చెప్పులవైపు చూస్తూ ఉండిపోయింది. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు వినిపించింది.

"నేనిప్పుడు ఏం చెయ్యనమ్మా?" అన్నారు ఆయన.

"రాసివ్వండి. నా పేరు మీద కాదు, ఆయన పేరు మీద. ఆ కాగితం ఎలా పంపారో అలాగే. నంబరు వేసి, ముద్ర కొట్టి."

ఆయన నోటు మీద పైవారు ఉత్తర్వు ఇవ్వడానికి ఐదు వారాలు పట్టింది. అమ్మాయి మీద పెట్టిన కేసు రద్దయింది. ఆ ఉత్తర్వు జతచేసి, మరణించిన ఆ తండ్రి పేరు మీద ఆయన ఉత్తరం రాశారు: "తమ కుమార్తె పరీక్షలో ఎట్టి అక్రమమునకూ పాల్పడలేదు. తప్పు ఈ కార్యాలయములో, ఈ క్రింద సంతకము చేసిన ఉద్యోగి వలన జరిగినది. తమ కుమార్తె మొదటనే నిజము చెప్పియున్నది."

టపా గుమస్తా ఆ కవరు అటూ ఇటూ తిప్పి చూశాడు. "సార్, పోయినాయనకి టపా ఏంటండీ? ఏ చిరునామాకి పంపను?"

"కూతురి చిరునామాకి."

"రిజిస్టర్లో ఏం రాసుకోను?"

"ఆలస్యంగా పంపబడినది అని రాయండి."

ఆ రిజిస్టరు ఇప్పటికీ ఉంది. ఆ వరుసలో ఆ మాట అలాగే ఉంది. చీటీ అసలు ఎవరిదో ఆ పక్క సీటు అమ్మాయికి కూడా నోటీసు పంపారు. రెండుసార్లు పంపినా సమాధానం రాలేదు. ఫైలులో ఆ సంగతి అంతవరకే ఉంది.

ఆయనకు నాలుగేళ్ళు పదోన్నతి ఆగింది. ఆ నాలుగేళ్ళూ కింది అంతస్తులో కవర్లు అంటిస్తూ గడిపారు. ఆ రోజుల్లో వెనక చేరినవారు ఒకరొకరుగా ఆయనను దాటి పైకి వెళ్ళారు. ఒకాయన మెట్ల మీద ఎదురై, "ఏం సాధించావయ్యా?" అని అడిగితే, "కవరు తిన్నగా అంటించడం" అన్నారట. ఈ కాలంలోనే ఆ అమ్మాయి మళ్ళీ పరీక్ష రాసి ఉత్తీర్ణురాలైంది. పై చదువులకు వెళ్ళలేదు, మనసు విరిగిపోయిందంది. పెద్దమ్మ తర్వాత ఆ దుకాణం ఆమెదే అయింది. ఆమెను ఇక నుంచి దర్జీ మేడమ్ అనుకుందాం. ఈ కార్యాలయంలో అందరూ పిలిచేదీ అలాగే.

తొంభై ఆరులో సీనియర్ అసిస్టెంటుగా అక్రమాల సెక్షన్‌కు తిరిగి వచ్చిన సూదిదారం గారు మొదట చేసిన పని, గుండుసూదుల పెట్టె ఎత్తి బయట పెట్టడం. పట్టుబడిన చీటీని ఇకపై విద్యార్థి కళ్ళ ఎదుటే జవాబు పత్రానికి ఎర్ర దారంతో కుట్టాలి, ముడి మీద విద్యార్థి చేత, ఇన్విజిలేటరు చేత సంతకం చేయించాలి అన్నది ఆయన ప్రతిపాదన. పైవారు ఒప్పుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. తర్వాత కుట్టడం ఎవరికీ రాదని తేలింది. ఆయన మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళారు.

"మావాళ్ళకి ముడి వేయడం నేర్పుతారా అమ్మా?"

"నాకేం పట్టింది?" అంది దర్జీ మేడమ్. నాలుగు రోజుల తర్వాత సూదుల పొట్లంతో తనే వచ్చింది.

అప్పటి నుంచి ప్రతి ఏడాదీ పరీక్షలకు ముందు మార్చి మొదటి వారంలో ఒక ఉదయం ఆమె రావడం, కొత్తగా చేరినవారికి విప్పితే తెలిసిపోయే ఆ ముడి నేర్పడం ఆనవాయితీ అయింది. మీసాలు తిరిగిన పెద్దమనుషులు సూదిలో దారం ఎక్కించలేక చెమటలు కక్కడం, "ఇది సూది బెజ్జమండీ, ఊరికే పొడిస్తే ఎక్కదు" అని ఆమె అనడం, ఇళ్ళలో భార్యలు "గుండీ కుట్టమంటే రాదంటారు, ఆఫీసులో మాత్రం దర్జీ పని చేస్తారట" అని దెప్పడం, ఇవన్నీ ఈ సంచికలో మరికొందరు రాస్తారు. సూదిదారం గారు ప్రతిసారీ ఆమెకు కుర్చీ చూపించేవారు. "పర్లేదు, నుంచునే చూపిస్తాను" అనేదామె. పని అయ్యాక వెళ్ళిపోయేది.

ఆ కుర్చీ సంగతి కూడా చెప్పాలి. ఆరోపణకు గురైన ఏ విద్యార్థినైనా పిలిపించి వినకుండా ఉత్తర్వు రాయకూడదని, వినేటప్పుడు ఎదుట కూర్చోబెట్టాలని ఆయన నియమం పెట్టారు. "నిలబెట్టి అడిగితే ఒప్పుకోలే వస్తుంది గాని నిజం రాదు" అనేవారు. ఆ అమ్మాయి విజ్ఞప్తిని తోసిపుచ్చుతూ తాను రాసిన పాత వాక్యాన్ని తన బల్ల అద్దం కింద పెట్టుకున్నారు, ఎదుటివారికి కాదు, తనకు కనబడేలా. కొత్త అసిస్టెంట్లు ఎవరైనా ఘాటైన వాక్యం రాసుకొస్తే, "బాగుంది. ఇప్పుడు ఇది అబద్ధమైతే ఎలా ఉంటుందో ఒకసారి చదవండి" అని వెనక్కి ఇచ్చేవారు.

అలాగని ఆయన మెత్తని మనిషి అనుకోకూడదు. కాపీ కొట్టామని ఆ కుర్చీలో ఒప్పుకున్నవారికి కూడా శిక్ష పడేది. సూపరింటెండెంటు అయిన కొత్తలో ఒక కేంద్రం నుంచి వచ్చిన అరవై మూడు చీటీలను ఆయన పరచి చూస్తే, అరవై మూడూ ఒకే చేతిరాతలో ఉన్నాయి. కేసు పిల్లల మీద వచ్చింది. ఆయన పిల్లలకు మళ్ళీ పరీక్ష పెట్టించి, చీటీలు రాసి పంచిన ఉపాధ్యాయుణ్ణి, చూసీ చూడనట్టున్న కేంద్రం పెద్దను అదే కుర్చీలో కూర్చోబెట్టారు. ఫోన్లు వచ్చాయి. ఫోను చేసిన పెద్దవారి మాట పూర్తిగా విని, "ఇదే సంగతి రాతలో పంపించండి సార్, ఫైలులో కుట్టుకుంటాను" అని మర్యాదగా అనేవారు. రాతలో ఎవరూ పంపలేదు. కార్యాలయంలో సాయంత్రం సంతకం పొద్దున్నే పెట్టేసేవారినీ, క్యాంటీన్ వరుసలో తెలిసినవారి చాటున దూరేవారినీ ఆయన ఏమీ అనేవారు కాదు. వరుసలో చివర నిలబడి వారివైపు ఊరికే చూసేవారు. అది తిట్టుకన్నా అన్యాయమని బాధితులు చెప్పుకునేవారు.

తన పెద్దమ్మాయి పరీక్షలు రాసిన ఏడాది ఆయన కోరి వేరే సెక్షన్‌కు బదిలీ చేయించుకున్నారు. "అందరి నాన్నలూ సాయం చేస్తారు, మా నాన్న పారిపోయాడు" అని ఆ పిల్ల ఇప్పటికీ ఆటపట్టిస్తుంది. ఆయన శ్రీమతిగారు రికార్డు గది అక్కకు చెప్పిన సంగతి ఇంకొకటి ఉంది. ఆదివారం పేపర్లోని గళ్ళనుడికట్టు ఆయనకు ప్రాణం. ఒక ఆదివారం ఆవిడ టీ ఇవ్వడానికి వచ్చేసరికి, ఈయన పేపరు వెనక పేజీ మెల్లగా మడిచి జవాబులు చూస్తున్నారు.

"ఏవండీ, మీరు రాస్తున్నది ఏ కేంద్రంలో?"

ఆయన ఉలిక్కిపడి, "ఒక్క గడే" అన్నారట.

"అందరూ అదే అంటారని మీరే కదా చెప్తారు. పేపరిటివ్వండి."

మూడు ఆదివారాలు ఆవిడ ఆయనకు ఆ పేజీ ఇవ్వలేదు. నాలుగో ఆదివారం ఎదుట కూర్చోబెట్టి వాదన విని, అప్పుడు ఇచ్చారట.

తర్వాతి ఏళ్ళు నిదానంగా, గౌరవప్రదంగా గడిచాయి. రెండు వేల పదహారులో ఆయన సెక్షన్ అధికారి అయ్యారు. చీటీల స్థానంలో ఫోన్లు, చెవిలో దూరే పరికరాలు వచ్చాయి. వాటిని పెట్టే సంచి మూతి కూడా ఎర్ర దారంతోనే కుడతారు. ఆయన చేతి మీదుగా వెళ్ళిన ఉత్తర్వుల్లో తర్వాత రద్దయినది ఒకటే ఉందని రికార్డు చెబుతుంది. అదేదో ఈ వ్యాసం చదివినవారికి తెలుసు.

ఈ మార్చిలో దర్జీ మేడమ్ ఎప్పటిలాగే వచ్చింది. ఆమె రావడం అది ఇరవై తొమ్మిదోసారి. సూదిదారం గారి హయాంలో అదే చివరిది. ఆ సంగతి తెలిసి, చూడాలనిపించి, రికార్డు గది అక్క కూడా వెళ్ళి గోడ పక్కన నిలబడింది. కొత్తగా చేరిన ఐదుగురికి దర్జీ మేడమ్ ముడి నేర్పింది. ఒకరి ముడి విప్పి చూపించి, "చూశారా, మళ్ళీ వేస్తే మొదటి మడత తెలిసిపోతోంది. తెలియాలి. అదే దీని పని" అంది. సూదులు పొట్లంలో పెట్టుకుంది. ఆయన ఎప్పటిలాగే కుర్చీవైపు చెయ్యి చూపించారు, ఎప్పటిలాగే ఆమె కాదంటుందని తెలిసినట్టు.

ఆమె కుర్చీ వైపు ఒకసారి చూసింది. దగ్గరకు లాక్కుని కూర్చుంది.

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు. ఎందుకో పాతవారికి తెలుసు, కొత్తవారికి ఏం జరిగిందో అర్థం కాలేదు.

"ఏంటండీ అందరూ అలా చూస్తారు? మోకాళ్ళు నొప్పులు" అంది దర్జీ మేడమ్.

"టీ చెప్పమంటారా?" అన్నారు ఆయన.

"చెప్పండి. పంచదార తక్కువ."

ఆమె టీ నిదానంగా తాగింది. తమ వీధిలోని కొత్త భవనం గురించి, కరెంటు కుట్టుమిషను గురించి రెండు మాటలు మాట్లాడింది. లేస్తూ, "ఆ కాగితం ఉందండీ మా ఇంట్లో. నాన్న ఫొటో వెనక కుట్టి పెట్టాను" అని వెళ్ళిపోయింది. ఆమె మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా ఆయన తలుపువైపే చూశారు.

"అక్కా, నిజంగా మోకాళ్ళేనంటారా?"

"విచారణ పెడతారా ఏంటి సారూ?"

ఆయన నవ్వి, అద్దం కింది కాగితం ఒకసారి చూసుకుని, "వద్దులెండి. ఈ ఒక్కటీ ఇలాగే ఉండనీ" అన్నారు.

ఈ సంచిక పుటలను ఆయన కోరిక మేరకు సూదులతో కాకుండా ఎర్ర దారంతో కుట్టారు. ముప్పై ఒకటో తేదీ సాయంత్రం రికార్డు గది అక్క అలవాటు చొప్పున గేటు దాకా వస్తుంది. సొరుగు ఖాళీ చేసే పని మాత్రం ఇంకొకరు చూసుకోవాలి. శ్రీమతిగారితో, బిడ్డలతో, మనవరాలితో సూదిదారం గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని, కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కించగల చూపు ఆయనకు చిరకాలం నిలవాలని, ఆదివారపు గళ్ళన్నీ వెనక పేజీ తిప్పకుండానే నిండాలని, ఇకపై ఆయన ఏ గుమ్మంలో అడుగుపెట్టినా ఆయన నోరు తెరవకముందే లోపలి నుంచి "కూర్చోండి" అన్న మాట ఎదురు రావాలని, సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుకుంటున్నాము.